ఫొటో దిగినవాళ్ళు, తీసినవాళ్ళు

ఫొటో విషయంలో తెలుగుకు రెండు క్రియలున్నాయి. ఒకరు ఫొటో తీస్తారు, ఇంకొకరు ఫొటో దిగుతారు. మా బొగ్గుబాయిల దిక్కు దిగడమనే మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. మొగవాళ్ళు బాయిలకు దిగుతారు. ‘మీ బాపు దిగిండా?’ అని ఎవరన్నా అడిగితే, మస్టరు పడి గని లోపలికి పోయాడా అని. ఆడవాళ్ళకు మిగిలింది ఫొటో దిగడమే. గోదావరిఖని చుట్టూ బొగ్గు తవ్వకం మొదలైంది 1960 ప్రాంతాల్లో. అప్పటికే 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్ళను భూమి లోపలి పనికి రాకుండా చేసింది. అంటే మా ఊరు ఊరుగా పుట్టేనాటికే ఆ తలుపు మూసి ఉంది.

కొన్నేళ్ళుగా నేను కమాన్‌పూర్ చుట్టుపక్కల ఇళ్ళల్లో, గోదావరిఖని, సెంటినరీ కాలనీ క్వార్టర్లలో పాత ఆల్బమ్‌లు చూస్తున్నాను. మొదట ఇది మా ఇంటి పని. అమ్మ ఫొటోలన్నీ ఒకచోట పెట్టాలనుకున్నాను. తర్వాత పక్కింటి వాళ్ళవి, వాళ్ళ చుట్టాలవి చూశాను. చూస్తూ పోతుంటే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. ఎవరి ఆల్బమ్ తెరిచినా పెళ్ళి ఫొటోల తర్వాత వచ్చేది రామగిరి ఖిల్లా. దాని తర్వాత మంథని గోదావరి, కాళేశ్వరం, రామప్ప, ఎల్‌టీసీ దొరికిన వాళ్ళ ఇళ్ళల్లో తిరుపతి, కాశి, తాజ్‌మహల్. బొగ్గు మీద బతికిన ఈ ఇళ్ళల్లో బొగ్గుబాయి ఫొటో ఒక్కటి లేదు. ముప్ఫై ఏళ్ళు ఒక మనిషి పొద్దున పోయి సాయంత్రం నల్లగా తిరిగొచ్చిన చోటు ఎట్లా ఉంటుందో ఆల్బమ్‌లో ఎక్కడా కనబడదు. ఉండదు కూడా. గ్యాసు ఉండే గనిలోకి నిప్పురవ్వ పుట్టించే వస్తువేదీ పోనివ్వరు. బీడీని, అగ్గిపెట్టెను జేబులు తడిమి ఆపే గేటు ఫ్లాషున్న కెమెరాను ఎందుకు పోనిస్తుంది? కాబట్టి బొగ్గు ప్రాంతపు కుటుంబ చరిత్ర అంతా విహారయాత్రల చరిత్రగానే మిగిలింది. ప్లే డే నాడు, శ్రావణమాసంలో, దసరా సెలవుల్లో ఒక పూట పోయివచ్చిన చోట్లే బొమ్మలయ్యాయి. మిగతా బతుకంతా బొమ్మ లేకుండానే గడిచిపోయింది.

అందుకే ఈ ఫొటోలను ‘ఏదో పిక్నిక్ ఫొటోలు’ అని తీసిపారేయలేను. మనకున్నవి ఇవే. వీటినే చదవాలి.

రామగిరితోనే మొదలుపెడతాను. ఒకప్పుడు కమాన్‌పూర్ మండలం, 2016లో జిల్లాలు మార్చినప్పుడు పెద్దపల్లి జిల్లాలో కొత్తగా ఏర్పడిన రామగిరి మండలం. బేగంపేట ఊరి మీద నిలబడ్డ గుట్టలు, వాటి మీద దర్వాజాలు, బురుజులు, కోట గోడలు. కాకతీయుల కాలం నుంచి గోల్కొండ నవాబుల దాకా ఆ గుట్ట మీద కాపలా ఉన్నవాళ్ళే. జనానికి మాత్రం అది రాముడు వనవాసంలో ఉన్న గుట్ట. సీతమ్మ స్నానమాడిందని చెప్పే కొలను ఉంది. వానాకాలం గుట్టంతా పచ్చగా ఉంటుంది. మందు మొక్కల కోసం వైద్యులు, చెట్ల పేర్లు రాసుకోవడానికి కాలేజీ పిల్లలు వస్తారు. శ్రావణంలో సద్ది కట్టుకుని ట్రాక్టర్ల మీద, ఆటోల మీద వచ్చే కుటుంబాలకు లెక్కలేదు.

ఈ కోట చరిత్రలో ఒక పెళ్ళి ఉంది. ఔరంగజేబు ఇంకా పాదుషా కాక ముందు, దక్కన్ సుబేదారుగా ఉన్నప్పుడు, 1656లో గోల్కొండను ముట్టడించాడు. షాజహాన్ ఆపమన్నాక సంధి కుదిరింది. అబ్దుల్లా కుతుబ్‌షా అపరాధ ధనం ఒప్పుకున్నాడు, రామగిరి ప్రాంతాన్ని అప్పగించాడు, తన రెండో కూతుర్ని ఔరంగజేబు పెద్దకొడుకు ముహమ్మద్ సుల్తాన్‌కిచ్చి పెళ్ళి చేశాడు. ధనం, కోట, కూతురు ఒకే కాగితం మీద చేతులు మారాయన్నమాట. ఆ పెళ్ళికొడుకు తర్వాత తండ్రికి ఎదురు తిరిగి, ఖైదై, 1676లో ఖైదులోనే పోయాడు. నేను చదివిన పుస్తకాల్లో అతని చావు వివరంగా ఉంది. ఆ అమ్మాయి మాత్రం ‘రెండో కూతురు’. కోటకు పేరుంది. ఎంత సొమ్మో లెక్క ఉంది. గుట్ట కింద ఊరి పేరు బేగంపేట, ఏ బేగమో బోర్డు మీద లేదు. మా ఆల్బమ్‌లలో ఫొటోల వెనక రాతలు చూసినప్పుడల్లా నాకీ సంధి గుర్తొస్తుంది. ‘రామగిరి ఖిల్లా, 1986, నేను, నా భార్య, పిల్లలు.’ రాసినాయన పేరు కింద సంతకం ఉంటుంది.

కోటల ఫొటోలు తీయడం మన దేశంలో సరదాగా మొదలు కాలేదు. అది సర్కారు పని. పందొమ్మిదో శతాబ్దంలో కెమెరా పట్టుకుని శిథిలాల వెంట తిరిగినవాళ్ళు సైన్యంలోని వాళ్ళు, సర్వే వాళ్ళు, పురాతత్వ శాఖ వాళ్ళు. నిజాం రాజ్యంలోని కట్టడాల జాబితాను హెన్రీ కజిన్స్ 1900లో అచ్చువేశాడు. నిజాం తన సొంత పురాతత్వ శాఖను 1914లో పెట్టి గులాం యాజ్దానీ చేతికిచ్చాడు. రామప్ప మీద యాజ్దానీ పుస్తకం 1922లో వచ్చింది. ఇలాంటి పాత ఫొటోల్లో ఒక అలవాటు కనిపిస్తుంది. పెద్ద స్తంభం పక్కనో, దర్వాజా కిందో ఎవరో ఒక స్థానికుడు నిలబడి ఉంటాడు. అతని కోసం తీసిన ఫొటో కాదది. స్తంభం ఎంత ఎత్తుందో తెలియడానికి మనిషిని కొలబద్దగా నిలబెట్టారు. పేరు రాయరు. కొలబద్దకు పేరెందుకు?

మా ఇళ్ళల్లోని రామగిరి ఫొటోలు చూస్తుంటే ఆ అలవాటు సర్కారు ఫైళ్ళ నుంచి మధ్యతరగతి ఇళ్ళకు, అక్కడి నుంచి కార్మికుల ఇళ్ళకు నడిచొచ్చినట్టనిపిస్తుంది. ‘గా దర్వాజ కాడ నిలవడు. జర ఇటు. చెయ్యి కిందికి దించు.’ అమ్మ నిలబడుతుంది. దర్వాజా పూర్తిగా రావాలి కాబట్టి బాపు వెనక్కి, ఇంకా వెనక్కి పోతాడు. కడిగించి తెచ్చాక చూస్తే దర్వాజా బ్రహ్మాండంగా ఉంటుంది, అమ్మ వేలెడంత ఉంటుంది. మొగవాళ్ళ ఫొటోలు ఇట్లా ఉండవు. వాళ్ళు బురుజు ఎక్కి, ఒక కాలు రాయి మీద పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని ఉంటారు. ఆ ఫొటోలో కోట వాళ్ళది. అమ్మ ఉన్న ఫొటోలో అమ్మ కోటది.

రామప్పలో ఇది ఇంకో రూపం తీసుకుంటుంది. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. చూరు కింద నల్లరాతి మదనికలు వంపులు తిరిగి నిలబడి ఉంటారు. గైడు ఒక మదనిక కాళ్ళకున్న ఎత్తు మడమల చెప్పులు చూపించి ‘హైహీల్స్ అప్పుడే ఉన్నాయి’ అంటాడు, అందరం నవ్వుతాం. ఆ నవ్వులో కెమెరా పట్టుకున్నాయన భార్యనో మరదలినో పిలిచి ఆ బొమ్మ కింద నిలబడమంటాడు. కొంచెం వంగమంటాడు. ఆమె సిగ్గుపడుతుంది. ఆ సిగ్గే ఫొటోకు అందం అంటారు. ఇలాంటివి నాలుగిళ్ళల్లో చూశాను. ఒకామె ఆ ఫొటో చూపిస్తూ, ‘పొద్దటి సంది నీళ్ళు తాగలే బిడ్డా, యాడ కూసుంటం? ఎప్పుడు ఇంటికి పోదుమా అని ఉండె’ అంది. ఫొటోలో ఆమె మొహం చిట్లించుకుని ఉంది. ఎండకనుకున్నాను. చారిత్రక ప్రదేశాల అందం గురించి రాసిన ఏ వ్యాసంలోనూ ఈ మాట చదవలేదు. చెట్టుచాటు దొరికేదాకా నీళ్ళు తాగకుండా కొండెక్కిన ఆడవాళ్ళ విహారయాత్ర వేరు, బీడీ వెలిగించుకుంటూ ఎక్కిన మొగవాళ్ళ విహారయాత్ర వేరు. 2021లో రామప్పకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు సంతోషించాను. నాకు మొదట గుర్తొచ్చింది మాత్రం ఆ చిట్లించిన మొహమే.

మరి మన దేశంలో కెమెరా వెనక ఆడవాళ్ళు లేరా? ఉన్నారు, మనకు దగ్గర్లోనే ఉన్నారు. హైదరాబాదులో ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు లాలా దీన్‌దయాళ్ 1892లో జనానా స్టూడియో పెట్టాడు. పరదా పాటించే స్త్రీల కోసం, ఎత్తయిన గోడల లోపల, మొగవాడి కన్ను పడకుండా ఫొటో దిగే చోటు. దాన్ని నడిపినావిడ మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు స్త్రీ. తీసేదీ ఆడమనిషే, దిగేదీ ఆడమనిషే. ఆ కాలానికి ఇది చిన్న విషయం కాదు. అయితే పని ఎట్లా పంచుకున్నారో చూడండి. అదే దీన్‌దయాళ్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి మధ్య భారతంలోని కట్టడాలు తిరిగి తీసిన ఫొటోలతో 1886లో పెద్ద పుస్తకమే వచ్చింది. బయటి ప్రపంచం, కోటలు, గుళ్ళు, దర్బార్లు, వేటలు ఆయన కెమెరాకు. గోడల లోపలి ప్రపంచం ఆవిడ కెమెరాకు. స్త్రీకి కెమెరా దొరికింది, కానీ తిరగడానికి దారి దొరకలేదు.

దారి దొరికిన చోట కెమెరా లేదు. పోతం జానకమ్మ రాఘవయ్య 1873లో మద్రాసు నుంచి ఇంగ్లండు వెళ్ళి, చూసిందంతా రాసి, 1876లో ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’ అని పుస్తకం వేసింది. పేరులో బొమ్మలున్నాయి, కానీ అవి మాటలతో వేసిన బొమ్మలు. ఒక తెలుగు స్త్రీ తన కళ్ళతో చూసి, ఇది చూడదగ్గది, ఇది కాదు అని తానే నిర్ణయించుకున్న పుస్తకం అంత పాతది మనకుంది. నాయని కృష్ణకుమారి ‘కాశ్మీర దీపకళిక’ దాకా మన యాత్రారచనలో స్త్రీల చూపుకు ఒక వరుస ఉంది. ఫొటోలో ఆ వరుస తెగిపోయి కనిపిస్తుంది.

హోమాయ్ వ్యారావాలా సంగతి ఈ వ్యాసానికి మరీ దగ్గరిది. దేశంలో తొలి మహిళా పత్రికా ఫొటోగ్రాఫరుగా మనం చెప్పుకునే హోమాయ్‌కి 1938లో దొరికిన మొదటి పని ఒక పిక్నిక్ ఫొటోలు తీయడం. నెహ్రూ, మౌంట్‌బాటెన్, గాంధీ అంత్యక్రియలు అన్నీ ఆ తర్వాతే. మొదట్లో ఆమె తీసినవి భర్త మానెక్‌షా పేరు మీద అచ్చయ్యేవి. ఆడమనిషి తీసిందంటే పత్రికల వాళ్ళు నమ్మరని. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆమె కంటే కొద్దిగా చిన్నవాళ్ళు, 1919లో పుట్టిన కవల అక్కచెల్లెళ్ళు మనోబీణా రాయ్, దేబలీనా మజుందార్. పన్నెండో పుట్టినరోజుకు తండ్రి ఇద్దరికీ చెరో కెమెరా ఇచ్చాడు. జీవితాంతం తీస్తూనే ఉన్నారు. కెమెరా ఇచ్చిన తండ్రి, చీకటిగది పెట్టుకోను ఇంట్లో చోటు, తిరగడానికి సెలవు. వర్గం అనే మాట లేకుండా ఈ చరిత్ర చెప్పలేం. రష్యా, అమెరికా పోయినవాళ్ళ ఫొటోలు మన పత్రికల్లో వచ్చాయి కానీ, ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ నుంచి రామగిరి పోయినామె కెమెరా పట్టుకోవాలంటే ముందు ఆ ఇంట్లో కెమెరా ఉండాలి గదా.

ఉండేది కాదు. మా దగ్గర 1980లలో కెమెరా అంటే అడిగి తెచ్చుకునే వస్తువు. బరోడాలో తయారైన అగ్ఫా క్లిక్ త్రీ, ఎవరో ఒక ఓవర్‌మెన్ ఇంట్లోనో టీచరు ఇంట్లోనో ఉండేది. రీలుకు పన్నెండు ఫొటోలు. ఐదు కుటుంబాలు కలిసిపోతే ఆ పన్నెండును ఎట్లా పంచుతారో వింటే రాజకీయాలన్నీ అర్థమవుతాయి. మొగవాళ్ళందరూ కలిసి ఒకటి. కెమెరా తెచ్చినాయనకు విడిగా ఒకటి. కుటుంబానికొకటి, ఐదు. పిల్లలందరూ కలిసి ఒకటి. కోటవి రెండు, కొలనుది ఒకటి. పదకొండు. పన్నెండోది ‘ఉండనీ, దారిల పనికొస్తది’. ఆడవాళ్ళందరూ కలిసి ఒకటి అన్నది ఎవరికీ తట్టదు. ఎందుకంటే వాళ్ళు కుటుంబాల ఫొటోల్లో వచ్చేశారు గదా, మళ్ళీ విడిగా ఎందుకు? తర్వాత ముప్ఫైయారు రీళ్ళు, యాషికాలు, కొడాక్‌లు వచ్చాక ఈ పొదుపు తగ్గింది. కానీ వరుస మారలేదు.

1986లో మా రామగిరి యాత్రలో ఆ పన్నెండో ఫొటో మా అమ్మ తీసింది. ఎట్లా జరిగిందో రెండు కథలున్నాయి. మొగవాళ్ళు కొలను దిక్కు పోయినప్పుడు కెమెరా మూటల దగ్గర వదిలిపోయారని అమ్మ అంటుంది. ‘నేనే నొక్కి చూడుమన్న’ అని బాపు చివరిదాకా అనేవాడు. ఏదైనా గానీ, గోదావరిఖని లక్ష్మీనగర్‌లో కడిగించి తెచ్చినప్పుడు బాపు దాన్ని పక్కన పెట్టాడు. ‘ఖరాబైంది, కోట రాలే.’ నిజమే, కోట లేదు. కొంచెం వంకరగా, ఒక మూల అమ్మ వేలు నీడతో, ఆరుగురు ఆడవాళ్ళు బండ మీద కూర్చుని ఉన్నారు. ఎవరూ కెమెరా వైపు చూడటం లేదు. ఒకామె చెప్పు తీసి అరికాలు చూసుకుంటోంది. ఇద్దరు సద్దిగిన్నె మీదికి వంగి ఉన్నారు. ఒకామె జుట్టు ముడి విప్పుకుంటోంది. మిగిలిన ఇద్దరు దేనికో పగలబడి నవ్వుతున్నారు, ఒకామె కొంగు నోటికడ్డం పెట్టుకుని. వెనక లోయ, అవతల మసకగా మైదానం. మా ఆల్బమ్ మొత్తంలో ఆడవాళ్ళు నిలబడకుండా కూర్చున్న ఫొటో ఇదొక్కటే. చరిత్రకారులు దొరికిన శాసనాన్ని ఎంత జాగ్రత్తగా చదువుతారో నేను దీన్ని అంత జాగ్రత్తగా చదివాను. నలభై ఏళ్ళ కిందటి సింగరేణి ఆడవాళ్ళు మొగవాళ్ళు పక్కన లేనప్పుడు ఎట్లా కూర్చునేవాళ్ళో చెప్పే ఆధారం నాకింకెక్కడా దొరకలేదు.

‘గట్లెందుకు తీసినవే?’ అని అడిగితే, అమ్మ నన్ను వింతగా చూసి, ‘గట్లనే ఉన్నరు గదా’ అంది.

ఇదంతా కొందరికి అతిగా అనిపించవచ్చు. ఒక పిక్నిక్ ఫొటోకు ఇంత వ్యాఖ్యానమా అని. బొగ్గుగనుల స్త్రీల గురించి మనకు మిగిలిన దృశ్య చరిత్ర ఎంతో ఒకసారి లెక్కవేసుకుంటే ఆ మాట అనలేం. మన దేశంలో గనులు మొదట కుటుంబం కుటుంబంగా దిగిన చోట్లు. భర్త తవ్వితే భార్య తట్టతో మోసేది. 1920ల మొదట్లో భారతదేశపు బొగ్గుగనుల్లో భూమి లోపల పనిచేసేవాళ్ళలో మూడోవంతు దాకా ఆడవాళ్ళే. 1929లో బ్రిటిష్ ప్రభుత్వం నియమాలు చేసి పదేళ్ళలో వాళ్ళను పైకి పంపింది. యుద్ధానికి బొగ్గు అవసరమైనప్పుడు 1943లో మళ్ళీ దింపింది, 1946లో మళ్ళీ పైకి పంపింది. ఆడవాళ్ళ ఆరోగ్యం గురించిన ఆందోళన బొగ్గు కొరతను బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉండేదన్నమాట. ఆ తట్టల ఆడవాళ్ళు కొందరు సునీల్ జానా లాంటి వాళ్ళ కెమెరాలో మిగిలారు, అదీ బీహారు, బెంగాలు గనుల్లో. తెలుగు నేల మీద సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీల గొంతులను స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’గా 1986లో తెచ్చింది. యాదృచ్ఛికమే గానీ, అమ్మ ఫొటో తీసిన సంవత్సరం కూడా అదే. గొంతులు రికార్డు చేయడం మనం అక్కడ నేర్చుకున్నాం. బొగ్గుబాయిల ఇళ్ళ ఆడవాళ్ళ విషయంలో ఆ పని ఇంకా చాలా మిగిలి ఉంది.

2019 జనవరిలో కేంద్రం ఒక ఉత్తర్వుతో సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనుల్లో స్త్రీలు భూగర్భ గనిలోకి దిగవచ్చంది. మైనింగు చదివిన అమ్మాయిలకు తలుపు తెరుచుకుంది. అమ్మకు ఈ వార్త చదివి వినిపిస్తే, ‘లోపల ఎట్లుంటదో చెప్పుమను’ అంది. బాపును ఆమె ఎన్నోసార్లు అడిగిందట. ‘చీకటి ఉంటది’ అని ఆయన జవాబు. రామగిరిని మూడుసార్లు చూసిన అమ్మ, తన ఇంటికి అన్నం పెట్టిన చోటును ఒక్కసారీ చూడలేదు. ఆ చోటు అమ్మకు తెలిసింది బట్టల ద్వారానే. సర్ఫు నీళ్ళలో నానబెడితే బకెట్టు అడుగున మిగిలే నల్లటి మన్ను. అదే ఆమె చూసిన గని.

ఇక్కడ ఇంకో విషయం చెప్పాలి, ఇది నన్ను ఎక్కువ బాధపెట్టేది. అందమైన చోటే ఫొటోకు తగిన చోటు అని మనం నేర్చుకున్నాం. దీనివల్ల పోయింది ఆడవాళ్ళ చూపు ఒక్కటే కాదు, ఊళ్ళు కూడా. ఓపెన్‌కాస్టుల కింద లద్నాపూర్ లాంటి ఊళ్ళు పోయాయి. ఇళ్ళు, బావులు, పొలాలు, ఊరి ముందరి చింతచెట్లు. నిర్వాసితులైన ఒకింట్లో ఆల్బమ్ అడిగితే రామగిరి, వేములవాడ, కాళేశ్వరం ఫొటోలు తీసింది ఇంటామె. ‘మీ ఊరిది?’ అన్నాను. లేదు. ‘ఊర్ల ఏముందని దిగుతరు?’ అంది. ఆమె పెళ్ళయి వచ్చి ముప్ఫై ఏళ్ళు నీళ్ళు మోసిన దారి, పొద్దున ఆడవాళ్ళంతా కలుసుకునే చేదబావి, వాకిట్లో ఆమె పెట్టిన పొయ్యి ఎక్కడా లేవు. ఇంటి బొమ్మ ఒక్కటే ఉంది. అది పరిహారం కోసం సర్వేకు వచ్చినవాళ్ళు తీసింది. ఇంటి ముందు ఇంటాయన నిలబడి ఉన్నాడు, మళ్ళీ కొలత కోసమే. ఆమె తలుపు వెనక సగం కనబడుతోంది. తాను కట్టిన ఇంట్లో ఆమె ఫొటో ‘దిగింది’ అట్లా, పొరపాటున.

ఓపెన్‌కాస్టు మట్టి కుప్పలు ఇప్పుడు గుట్టల్లా పెరిగాయి. వానకు పచ్చబడినప్పుడు దూరం నుంచి చూస్తే అవీ రామగిరి గుట్టల్లాగే కనిపిస్తాయి. పిల్లలు వాటి ముందు కూడా సెల్ఫీలు దిగుతున్నారు.

సెల్ఫీ అనే మాట మన రెండు క్రియలను కలిపేసింది. తీసేదీ తానే, దిగేదీ తానే. స్మార్ట్‌ఫోన్ వచ్చాక మా దిక్కు ఆడవాళ్ళు మొదటిసారి ఎవరినీ అడగకుండా ఫొటో తీస్తున్నారు. దీన్ని చిన్నచూపు చూసే పెద్దమనుషుల మాటలు నేను ఒప్పుకోను. సబ్బితం జలపాతం దగ్గర, సుందిళ్ళ దిక్కు గోదావరి ఒడ్డున అమ్మాయిలు గుంపుగా నవ్వుకుంటూ ఒకరినొకరు తీసుకుంటుంటే ‘ఏం పోయేకాలం’ అని అనేవాళ్ళు, ఆ పన్నెండు ఫొటోల పంపకాన్ని మర్చిపోయారు. అయితే స్వేచ్ఛ వచ్చేసిందనీ అనను. అమ్మాయి ఫొటో బయటికి పోతే ఎవరు ఏం చేస్తారోనన్న భయం ప్రతి ఇంట్లో ఉంది. ముఖం మార్చి పెట్టి బెదిరించే సంగతులు విన్నాక తల్లులు ‘పెట్టకు బిడ్డా’ అంటారు. ఒకప్పుడు అన్నల అలికిడి, పోలీసుల సోదాలు ఉన్న రోజుల్లో ఇదే ప్రాంతంలో గ్రూపు ఫొటో ఇంట్లో ఉంటే భయం. ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారని అడుగుతారని, కాల్చేసిన ఫొటోలున్నాయి. కాల్చిందెవరు? పొయ్యి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే, ఆడవాళ్ళే. ఇప్పటి భయం వేరు, డిలీట్ చేసేది మళ్ళీ వాళ్ళే.

ప్రీవెడ్డింగ్ షూటింగులు రామగిరి దాకా వచ్చాయి. డ్రోన్ ఎగరేసి, పెళ్ళికూతురు గౌను గాలికి ఎగిరేటట్టు పట్టుకోవడానికి ఒక మనిషిని పెట్టి మరీ తీస్తారు. డబ్బు ఖర్చయింది, కెమెరా పైకి లేచింది. పైనుంచి చూస్తే ఆ అమ్మాయి మళ్ళీ వేలెడంతే. కోట బ్రహ్మాండంగా ఉంది.

మేము నలుగురు ఆడవాళ్ళం కలిసి ఇప్పుడు ఒక చిన్న పని చేస్తున్నాం. పాత ఫొటోలు తెప్పించుకుని, వెనక మెత్తటి పెన్సిలుతో పేర్లు రాస్తున్నాం. పేరు, పుట్టిన ఊరు, ఆ రోజు ఫొటో ఎవరు తీశారు. భార్య, తల్లి, కోడలు అని రాయడం లేదు. ఇది చెప్పినంత తేలిక కాదు. కాలనీల్లో ఆడవాళ్ళను పేరుతో పిలిచే అలవాటు తక్కువ. ‘హాలరాయన భార్య’, ‘వరంగల్ అక్క’, ‘చివరి క్వార్టర్ వదినె’. అరవై ఏళ్ళు దాటిన ఒకామె తన పక్కన నిలబడ్డామెతో పదకొండేళ్ళు ఒకే నల్లా దగ్గర నీళ్ళు పట్టుకుంది. పేరు అడిగితే ఆలోచనలో పడింది. ‘అక్కా అనేదాన్ని’ అంది.

అమ్మ తీసిన ఫొటోలో ఆరుగురిలో నలుగురి పేర్లు దొరికాయి. చెప్పు తీసి అరికాలు చూసుకుంటున్నామె ఐదోది. ఆమె భర్త రిటైరయ్యాక సొంతూరికి పోయారట, మంథని అవతల చెన్నూరు దిక్కు. కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతున్నామె పేరు అమ్మకు నాలుక చివర ఉంది, రావడం లేదు. ఆమె ఆ రోజు ఏం చెప్తే అందరూ నవ్వారో మాత్రం బాగా గుర్తుంది. అడిగితే, మా తమ్ముడు గదిలోంచి పోయేదాకా ఆగి, నా చెవిలో చెప్పింది.